బెల్టు వెనుక ఆయిల్ సీలు

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టు మాత్రమే తిరగాలి. ఈ లెక్క తప్పకుండా ఆ రెండింటినీ కలిపి తిప్పే పళ్ల రబ్బరు పట్టీనే టైమింగ్ బెల్టు అంటారు. పాత అంబాసిడర్‌లో ఈ పని ఇనుప చైన్ చేసేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, 1998 డిసెంబరులో వచ్చిన టాటా ఇండికాలోని 1.4 లీటర్ల డీజిల్ ఇంజన్ బెల్టు మీద నడిచేవి. చైన్ అరిగితే ముందుగా గరగరమని చప్పుడు చేస్తుంది గాని, బెల్టు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండానే తెగిపోతుంది.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకున్ననాటికి ఇండికా ట్యాక్సీగా బాగా స్థిరపడిన బండి. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో హైదరాబాద్‌లో కొత్త మారుతి 800 అమ్మకం ఆగిపోయింది కనుక, నగరంలో కొన్న మారుతి 800 ఏదైనా ఇప్పటికి సొంత కార్ల రిజిస్ట్రేషన్‌కు చట్టం పెట్టిన 15 ఏళ్ల గడువు దాటి, ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకుంటూ తిరగవలసినదే. ఈ రెండింటిలో ఏ పాత బండి శంషాబాద్ దగ్గరి మహేశ్వరం, తుక్కుగూడల వైపు షెడ్డుకు వచ్చినా, బెల్టు ఒక్కటి మార్చి పంపితే చాలునన్న ఆలోచన యజమానికి కలగడం సహజమే అయినా, ఆ ఆలోచనను మెకానిక్ మొహమాటం లేకుండా కాదనాలి.

ఎందుకంటే బెల్టును చంపేది పరుగు ఒక్కటే కాదు, నూనె కూడా. క్రాంక్, క్యామ్ షాఫ్టుల కొసలు ఇంజన్‌లోంచి బయటికి పొడుచుకు వచ్చే చోట, లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాన్ని ఆయిల్ సీలు అంటారు. షాఫ్టును తాకే దాని పలుచని అంచును లిప్పు అంటారు. ఆ లిప్పు షాఫ్టును వదలకుండా దాని వెనుక సన్నని స్ప్రింగు ఒకటి చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి లిప్పు గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుని, చుక్క చుక్కగా ఆయిల్‌ను వదలడం మొదలుపెడుతుంది. ఆ చుక్కలు బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పళ్లు ఊడిపోతాయి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ వాల్వుకూ మధ్య మిగిలే జాగా బహు తక్కువ కనుక, పరుగులో బెల్టు తెగితే తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ కొట్టి వంచేస్తుంది, ఆపైన సిలిండర్ హెడ్ దించక తప్పదు. బెల్టు విప్పడానికే ఎంతో శ్రమ పడుతున్నప్పుడు, తక్కువ ధరకు దొరికే సీళ్లను, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగును పాతవే ఉంచి కవరు మూయడం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు.

కొత్త సీలు వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారిందని వినిపించే ఫిర్యాదుకు, సీలు డూప్లికేటు కావడమే కారణమని తేల్చడం తొందరపాటు. పాత లిప్పు ఒకే చోట రాసుకుని రాసుకుని షాఫ్టు మీద గోరుకు తగిలేంత గాడి పడి ఉండవచ్చు. అప్పుడు లోతు అనుమతించే ఇంజన్‌లో కొత్త సీలును కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెడితే లిప్పు అరగని చోట ఆనుతుంది. అంతకన్నా తరచుగా మరచిపోయేది బ్రీతర్, అంటే క్రాంక్ కేసులో పోగయ్యే ఆవిరినీ పొగనూ బయటికి పంపే గొట్టం. ఇది మడ్డితో పూడుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, ఎంత మంచి సీలు వేసినా దాని అంచు నుంచే నూనెను తోస్తుంది. కనుక బ్రీతర్‌ను కడిగి చూడకుండా సీలు మార్చే పనిని పూర్తి పనిగా ఒప్పుకోలేము.

బిగింపులో నిదానం కావాలి. పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు. కొత్తదాని లిప్పుకు ఆయిల్ రాసి, సరిపోయే వ్యాసమున్న గొట్టంతో చుట్టూ సమంగా నొక్కాలి. క్రాంక్, క్యామ్ చక్రాల మీది గుర్తులు కలిసిన తరువాతనే బెల్టు ఎక్కించి, టెన్షనర్ బిగించి, సెల్ఫ్ కొట్టకముందే ఇంజన్‌ను స్పానరుతో చేత్తో రెండు నిండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా ఇంజన్ సరిగా లాగదు. ఎక్కువ పళ్లు తప్పితే బెల్టు తెగినప్పటి నష్టమే జరగవచ్చు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయకుండా మొదటినుంచి గుర్తులు చూసుకోవడమే సరైన పద్ధతి. రబ్బరు కిలోమీటర్లతో పాటు ఏళ్లతోనూ ముదురుతుంది కనుక, మార్చిన తేదీని, మీటరు రీడింగును ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించడం ఆ పనిలో భాగమే. చేతులు మారి వచ్చిన బండిలో అటువంటి చీటీ కనబడకపోతే, అమ్మినవారు ఏమి చెప్పినా, ఆ బెల్టు గడువు తీరినట్టే లెక్క.