ఆకు ఏరే చూపు

మాయమ్మ పుల్లగూర చేయడం మానేసి ఏడాది అయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. తిరుపతి నుంచి ఫోన్ చేసి ఏం వండుకున్నావని అడిగితే, "ఏదో ఒగటి నాయనా, చారూ అన్నం" అనేది. పళ్ళు కదిలి తినలేకపోతోందేమో అనుకున్నాను. చిత్తూరు పక్కన మా ఊరికి పోయినప్పుడు పుల్లగూరకని చేటలో చెంచలాకు పోసి ముందర పెట్టాను. ఒక్కో రెమ్మనూ కిటికీ వెలుతురుకు ఎత్తి, వేలితో తడిమి, మళ్ళీ కింద పెట్టింది. గడ్డిపోచ ఏదో కాడ ఏదో తెలియడం లేదు. ఆకు వెనక పురుగుంటే అసలే కనబడదు. "ఇసక తగిలితే మీరు తినరు గదరా" అనింది.

చూపు మందగించిన మనిషి ముందుగా వదిలేసేది ఆకుకూరనే. ఆ కంటికి కావలసిన తిండీ అదే.

కంటి వెనక రెటీనా నడుమ మాక్యులా అని చిన్న చోటు ఉంది. అక్షరం చదవాలన్నా, ఎదుటి మొహం పోల్చుకోవాలన్నా అదే ఆధారం. దాని పసుపురంగు ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలది. వీటిని ఒళ్ళు తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. తోటకూర, మునగాకు, పొన్నగంటాకు లాంటి ముదురు పచ్చని ఆకుల్లో అవి దండిగా ఉంటాయి. గుడ్డు పచ్చసొనలోనూ ఉంటాయి. అమెరికాలో 2013లో ఫలితాలొచ్చిన పెద్ద పరిశోధనలో ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు కలిపిన మాత్రలు వాడి చూశారు. ఆ మాత్రలు మాక్యులా అప్పటికే కొంత దెబ్బతిన్నవాళ్ళకు, డాక్టరు చెబితేనే. బాగున్న కంటికి కూర చాలు.

పుల్లగూరలో నాకు నచ్చేది దాని పద్ధతి. నాలుగు రకాల ఆకు కలిపి, పచ్చిమిరపకాయలు, టమోటా, చింతపండు వేసి ఉడికించి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, చెనక్కాయల నూనెతో తాలింపు పెడతారు. ఉడికి నలిగిన ఆకులోంచి ఆ పసుపు పదార్థం సులువుగా బయటికొస్తుంది. నూనె తోడుంటే ఒంటికి బాగా పడుతుంది. పళ్ళు లేకున్నా సంగటి ముద్దతో మింగేయొచ్చు. వయసైందని తాలింపు కూడా మాన్పించే కొడుకుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. గుండెకు భయమైతే నూనె తగ్గించండి, ఒక చెంచా అయినా ఉంచండి.

ఒకటి మాత్రం దాచకూడదు. మాయమ్మది శుక్లం. ఏ ఆకూ శుక్లాన్ని కరిగించదు. పసరు కంట్లో పిండితే ఉన్న చూపూ పోవచ్చు. శుక్లానికి ఆపరేషనే దారి. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇప్పుడు తిరుపతిలోనూ ఉంది, మనవాళ్ళు ఎంతో దూరం పోనక్కర లేదు. షుగరున్నవాళ్ళు కన్ను బాగానే ఉందనిపించినా ఏటా రెటీనా చూపించుకోవాలి.

ఆపరేషన్ అయ్యేదాకా ఆకు ఏరే పని నేనే చేశాను. వారం వారం పోయి, ఏరి, మూడు నీళ్ళు మార్చి కడిగి, తడారబెట్టి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చేవాణ్ణి. పక్కింటి పెద్దామెకీ ఒక కట్ట ఏరిపెట్టాను.

రెండు కళ్ళకూ ఆపరేషన్ అయి, కొత్త అద్దాలొచ్చాయి. మొన్న నేను ఏరి పెట్టిన చేట ముందరికి లాక్కుని, రెండు గడ్డిపోచలు తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇన్నాళ్ళూ ఇదేనా నువ్వు ఏరింది?"