పక్కన కట్టేసింది చూడు

మా తాత ఘాటి సుబ్రహ్మణ్యం పరసలో ఎద్దును కొనేటప్పుడు ముందు ఆ ఎద్దును చూసేవాడు కాదు. దాని పక్కన కట్టేసినదాన్ని చూసేవాడు. అమ్మకానికి తెచ్చిన ఎద్దును చెరువులో తోమి, కొమ్ములకు నూనె రాసి, మెడకు గంటలు కట్టి నిలబెడతారు. పక్కనున్నదానికి ఆ మర్యాదలేవీ ఉండవు. దాని పేడ ఎట్లుంది, ముట్టె తడిగా ఉందా, పడుకుని నెమరేస్తోందా, పక్కటెముకలు తేలినాయా, అవన్నీ చూసుకున్నాకే కొనాల్సినదాని నోరు తెరిచేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, నోరు నిండినదా. తర్వాత సుడులు. ఆ తర్వాత నడిపించి చూడటం, కాడి మోపించి చూడటం. ఆఖరున తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళ బేరం. ఒక్క జత హళ్ళికార్ ఎద్దులకు ఒక పూటంతా పట్టేది. నేను చెరుకు నములుతూ, ఇంత నిదానమేందబ్బా అని విసుక్కునేవాణ్ణి.

కుక్కపిల్లను నేను పదకొండు నిమిషాల్లో కొన్నాను. 'గేటు కాడికొచ్చినాం' అని నేను పంపిన మెసేజీ, పద్దెనిమిది వేలు పోయినట్టు వచ్చిన మెసేజీ రెండూ ఇంకా ఫోన్‌లో ఉన్నాయి. వాటి మధ్య దూరం పదకొండు నిమిషాలు.

చిక్కబళ్ళాపురం బయట, హైవే దిగి ద్రాక్షతోటల మధ్య కొంచెం లోపలికి పోతే రేకుల షెడ్డు. అమ్మేటాయన లేత పసుపు లాబ్రడార్ పిల్లను తువ్వాల్లో చుట్టి గేటు దాకా తానే తెచ్చాడు. తల్లిని చూస్తామన్నాం. "వద్దు సార్, పిల్లలున్న తల్లి, కొత్తోళ్ళ మీదికి వస్తుంది" అన్నాడు. సబబుగానే అనిపించింది. పిల్లకు నలభై రోజులన్నాడు. టీకాల పుస్తకం ఇచ్చాడు, అందులో ఒక స్టిక్కరు అంటించి ఉంది. మా చిన్నది అప్పటికే దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేరు కూడా పెట్టేసింది. ఇంక బేరం ఎవరికి చేతనవుతుంది? ఒకప్పుడు గాజులమ్మిన మా కైవారం యోగి తాతయ్యకు కూడా వ్యాపారం అబ్బలేదనే చెప్పుకుంటారు మా వైపు. చింతామణి తాలూకా నీళ్ళ గుణం అనుకోండి.

తిరుగు దారిలో శిడ్లఘట్టలో టీకి ఆగాం. పిల్లను రోడ్డు పక్కన మట్టిలో దింపాం, అది ఒంటికి పోసుకుని, నాలుగడుగులు వాసన చూసుకుంటూ తిరిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది అదే.

నాలుగో రోజు పొద్దున తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి నురగ కక్కింది. రాత్రికి రక్తం కలిసిన విరేచనాలు. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే ఇంక పోల్చుకోలేకపోవడం ఉండదు. చింతామణిలో డాక్టరుగారు పిల్ల పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసి, మెడ మీద చర్మం లాగి వదిలి, కిట్‌లో రెండు చుక్కలు వేశారు. రెండు గీతలు పడ్డాయి. పార్వో.

ఈ జబ్బు మా తాతకు తెలియదు. తెలిసే వీల్లేదు. 1978 ప్రాంతంలో లోకానికి తెలిసిన వైరస్ అది, పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు దగ్గరి చుట్టం. రెండేళ్ళలోపే దేశదేశాలకూ పాకిపోయింది. పేగుల లోపలి పొరను తినేస్తుంది. దాన్ని చంపే మందు మా దగ్గర లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, మరో క్రిమి చొరబడకుండా యాంటీబయాటిక్ ఇచ్చి, పిల్ల ఒళ్ళు తనంతట తాను పోరాడేదాకా ప్రాణం నిలబెట్టడమే వైద్యం. సమయానికి చెయ్యి పడితే చాలా పిల్లలు బతుకుతాయి. పడకపోతే చాలామటుకు పోతాయి.

మరి స్టిక్కరు ఉందిగా, టీకా వేశారుగా అంటే, అక్కడుంది చిక్కు. ముర్రుపాలలో తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని వారాలు పిల్ల ఒంట్లో ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకాను కూడా పరాయిదనుకుని పని చెయ్యనివ్వదు. అది తగ్గుతూ వచ్చేసరికి జబ్బును ఆపే బలం ఉండదు, టీకాను అడ్డుకునే బలం మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ సందు ఒక్కో పిల్లకు ఒక్కో వారంలో వస్తుంది. అందుకే ఆరెనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలంటారు. ఒక్క స్టిక్కరున్న పుస్తకం సగం కట్టిన గోడ. అది నాకు అప్పుడు తెలియదు. దూడకు ముర్రుపాలు ఎందుకు తాగించాలో తెలిసిన ఊళ్ళో పుట్టి, కుక్కకూ అదే లెక్క అని తోచకపోవడం నా తెలివి.

ఆ రాత్రే అమ్మినాయనకు ఫోన్ చేశాను. మొదట కన్నడలో మొదలుపెట్టాను. మా జిల్లాలో మర్యాదలు, ఆఫీసు మాటలు కన్నడలో నడుస్తాయి. కోపం వస్తే నాకు వచ్చేది తెలుగే. రెండు నిమిషాల్లో తెలుగులోకి దిగాను. ఆయనా దిగాడు. ఆయనదీ తెలుగిల్లే అని అట్లా తెలిసింది.

"మా కాడ ఉన్నంత వరకు పిల్ల దుక్కలా ఉండె సార్. మీ ఇంటికొచ్చినాక యాడ తగులుకొనిందో!"

ఈ మాట అనని అమ్మకందారు ఉండడు. దీనికి జవాబు అరుపులో లేదు, క్యాలెండరులో ఉంది. పార్వో ఒంట్లో చేరిన మూడు నుంచి ఏడు రోజుల్లో సాధారణంగా బయటపడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టవచ్చు. కొన్న మరుసటి రోజే పడకేసిందంటే అది అక్కడినుంచి తెచ్చుకున్నదే. పదో రోజైతే చెప్పలేం. నాలుగో రోజు? అక్కడిదే అయ్యుండాలి అని నా మనసు, శిడ్లఘట్ట మట్టి సంగతేంది అని ఇంకో మనసు. ఆ వైరస్ మట్టిలో ఏడాదికి పైనే బతుకుతుంది. నేను ఫోన్‌లో ఎంత గట్టిగా అరిచినా, ఆ టీ అంగడి నా గొంతులో అడ్డం పడుతూనే ఉంది. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. మరుసటి రోజు ఎత్తలేదు.

సెలైన్ బుడ్డి కింద కూర్చుని ఇదంతా చెప్తుంటే డాక్టరుగారు వినీ విననట్టు విని ఒకే ప్రశ్న అడిగారు. "మిగతా పిల్లలు యాడుండాయి?"

నాకు తాత గుర్తొచ్చాడు. ఏడు పిల్లల ఈత అది. అమ్మినాయనే చెప్పాడు, గొప్పగా. ఒక తల్లి పాలు తాగి, ఒకే గోనె మీద పడుకుని, ఒకే గిన్నెలో నాకిన ఏడు. ఒకటి నా దగ్గర సూది కింద ఉంది. మిగతా ఆరూ ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉన్నాయో ఈ భూమ్మీద తెలిసినవాడు ఒక్కడే. ఆయనతోనే నేను మాట్లాడే దారి తెగ్గొట్టుకున్నాను.

ఆ ఇళ్ళలో ఒక్కరికి 'తిండి మానేస్తే రేపటిదాకా ఆగొద్దు' అన్న మాట ఒక రోజు ముందు అందినా ఒక ప్రాణం నిలబడవచ్చు. ఆ మాట చేర్చగలిగింది పోలీసూ కాదు, వినియోగదారుల కమిషనూ కాదు. అందుకే ఇప్పుడు ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదటి ఫోన్‌లో డబ్బు మాట ఎత్తొద్దంటాను. జబ్బు పేరు, కిట్ ఫొటో, తేదీ పంపి, మిగతావాళ్ళకు చెప్పమనండి. రెండో ఫోన్ డబ్బుకు. నేను దాన్ని తలకిందులు చేశాను.

భార్య ఫోన్‌తో మళ్ళీ చేశాను. ఎత్తాడు. ఈసారి అరవలేదు. "అన్నా, డబ్బు సంగతి తర్వాత. మిగతా పిల్లలు కొన్నోళ్ళకు చెప్పినావా?" చాలాసేపు మాట లేదు. తర్వాత, "రెండు నా కాడనే పోయినాయి సార్" అన్నాడు. ఎప్పుడు? నేను కొన్న మరునాడు ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. నా శిడ్లఘట్ట టీ అంగడి ఆ క్షణంలో నిర్దోషి అయిపోయింది. విచిత్రం ఏమంటే, గెలిచినట్టు అనిపించలేదు.

కొన్నవాళ్ళ నంబర్లు ఇవ్వనన్నాడు, అది న్యాయమే. తానే చెప్తానన్నాడు. చెప్పాడనడానికి సాక్ష్యం ఆ సాయంత్రమే వచ్చింది. బాగేపల్లి నుంచి ఒకామె ఫోన్. మా పిల్లకు తోడబుట్టింది వాళ్ళింట్లో ఉంది. పొద్దున్నుంచి పాలు ముట్టలేదట. "అన్నా, ఎండకు అట్లుంటుందేమో అనుకొంటిమి" అంది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయింది.

మాది ఆరో రోజు తెల్లవారుజామున పోయింది. బాగేపల్లిది బతికింది.

ఇంక డబ్బు సంగతి. అమ్మినాయన అన్న మొదటి మాట: "బాధపడొద్దు సార్, ఇంకో పిల్లనిస్తా." అమ్మేవాళ్ళందరూ ఇదే అంటారు, కొందరు నిజంగా మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకూడదు. మా ఇంటి వాకిట్లో, పెరట్లో ఆ వైరస్ ఇప్పుడు కాపురం ఉంది. ఆయన షెడ్డులోనూ ఉంది. అక్కడినుంచి ఇక్కడికి ఇంకో పసిదాన్ని తేవడమంటే దాన్ని పెనంలోంచి తీసి పొయ్యిలో వెయ్యడమే. తేవాలనే ఉంటే టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను, వేరే చోటినుంచి తేవాలి.

చట్టం ఏమంటుందో అప్పుడు చదివాను. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకా, మైక్రోచిప్ లేకుండా అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే యాభై ఆరు రోజులు. 'నలభై రోజుల పిల్ల' అని ఆయన గొప్పగా చెప్పినదే తప్పు ఒప్పుకోవడం. మా దగ్గర దాన్ని లేతదనం కింద లెక్కేసి రేటు పెంచుతారు! 'పేపర్లున్న కుక్క' అన్నది ఇంకో మాయ. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితం తల్లిదండ్రులెవరో చెప్తుంది, ఒంట్లో ఏముందో చెప్పదు. కులం సర్టిఫికెట్టు తీసుకుని పోయి ఆసుపత్రిలో చూపిస్తే ఏం లాభం?

అమెరికాలో కాలిఫోర్నియా వంటి చోట్ల దీనికే విడిగా చట్టం ఉంది. బ్రీడరు దగ్గర కొన్న పిల్ల పదిహేను రోజుల్లోపు జబ్బు పడి, అది కొన్ననాటికే ఉన్నదని పశువైద్యుడు రాసిస్తే, డబ్బు వాపసు కోరవచ్చు, లేదా పిల్లను ఉంచుకుని వైద్యం ఖర్చు కోరవచ్చు. చివరిదే నాకు నచ్చింది. రోగమొచ్చిందని పిల్లను వెనక్కిచ్చి రాగలిగేది ఎందరు? మనకు అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ 2019 వినియోగదారుల చట్టం దృష్టిలో కదిలే ఆస్తి ఏదైనా సరుకే, ఎద్దయినా కుక్కయినా. అమ్మినాయన ఎక్కడున్నా మనం ఉన్న జిల్లా కమిషన్‌లోనే వెయ్యవచ్చు, రెండేళ్ళ గడువు, ఐదు లక్షల దాకా ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. మాదీ, ఆయనదీ ఒకే జిల్లా కాబట్టి మాకు ఆ వెసులుబాటుతో కూడా పని పడలేదు. 2007కు ముందైతే అన్నింటికీ కోలారు దారి పట్టేవాళ్ళం.

నోటీసు రాశాను. కొన్న తేదీ, జబ్బు తేదీ, డాక్టరు చీటీ, స్టిక్కరు ఫొటో, డబ్బు పోయిన మెసేజీ. చీటీ మీద డాక్టరుగారు తేదీతో పాటు పిల్ల వయసు కూడా రాశారు, పళ్ళు చూసి: నలభై కాదు, ముప్పై ఐదు లోపే. తాత చూడమన్న పళ్ళు ఇక్కడ కూడా అక్కరకొచ్చాయి, కాకపోతే ఆలస్యంగా. ఆ నోటీసు పోస్టులో వెయ్యలేదు. ఆయనకు ఫొటో తీసి పంపాను. మూడో రోజు పన్నెండు వేలు వచ్చాయి. మిగతా ఆరు వేలు, సెలైన్లకయిన ఖర్చు అడిగి ఉండవచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ దాని మీద రెండు పార్టీలున్నాయి. రెండు పిల్లలు పోయిన మాట ఆయన దాచి ఉంటే నా దగ్గర క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఆ నిజానికి ఆరు వేలు ఎక్కువని నేను అనుకోను. కానీ తల్లి కరుస్తుందని నన్ను గేటు దగ్గరే ఆపిన మాటను మాత్రం ఈరోజుకీ క్షమించలేదు. లోపలికి పోయి ఉంటే పక్కన పడుకున్నవాటిని చూసి ఉండేవాణ్ణి.

మొన్న, రెండు నెలల తర్వాత, రాత్రి తొమ్మిదింటికి ఆయన నంబరు మోగింది. ఇంట్లోవాళ్ళు ఎత్తొద్దన్నారు. ఎత్తాను.

"సార్, షెడ్డు కడగాల. ఫినాయిలు పోస్తే సరిపోదని మీ డాక్టరు చెప్పిందంటిరే. ఆ బ్లీచింగ్ ద్రావకం నీళ్ళలో ఎంత కలపాల?"

"ఒకటికి ముప్పై. ముందు మురికంతా సబ్బునీళ్ళతో పోవాల. ఆ మీదట ఇది పోసి పది నిమిషాలు తడి ఆరకుండా చూడాల. మట్టి నేల మీద పనిచెయ్యదు."

"ఉండండి సార్, రాసుకుంటుండా. రవ్వంత నిదానంగా చెప్పండి."