ఓవెన్ స్మృతి: రెండు పాఠభేదములు

యుద్ధమున మడిసిన వానిని లోకము రెండు విధముల స్మరించును. అతడు చేసిన పనులను చెప్పుకొనుట యొకటి; తన మనస్సునకు ఊరట కలుగునట్లు అతనిని మలచుకొనుట రెండవది. మడిసినవాడు కవి కూడ నైనచో ఈ రెండవ పని అతని కావ్యార్థమును సైతము తాకును. ఆంగ్లకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ విషయమున ఇట్లే జరిగినది. అతని స్మృతిలో చోటుచేసికొన్న రెండు పాఠభేదములను పరిశీలించి, అవి అతని కవిత్వమును మనము చదువు తీరును ఎట్లు మార్చినవో చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఓవెన్ 1893 మార్చి 18వ తేదీన ఇంగ్లండు పడమటి సరిహద్దునందలి ఆస్‌వెస్ట్రీలో జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. కొంతకాలము ఫ్రాన్సులోని బోర్డో నగరమున ఆంగ్లము బోధించి, 1915లో సైన్యమున చేరి, 1916లో మాంచెస్టర్ రెజిమెంటున సెకండ్ లెఫ్టినెంటు ఆయెను. 1917 ఆరంభమున కందకముల యుద్ధమును చవిచూచి, ఆ యేడే మనోవ్యాధికి లోనై ఎడింబరో సమీపమునందలి క్రెయిగ్‌లాక్‌హార్టు సైనిక వైద్యశాలకు చేరెను. అచ్చట సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను సైనికకవితో కలిగిన పరిచయము అతని రచనాగతిని మార్చినది. అతని ప్రసిద్ధ పద్యములలో అధికభాగము ఆ తరువాత సుమారొక సంవత్సర కాలమున వెలసినవే. 1918లో మరల యుద్ధభూమికి పోయి, నవంబరు 4న ఓర్స్ గ్రామము వద్ద కాలువను దాటు ప్రయత్నమున నేలకొరిగెను. అప్పటికి వయస్సు 25 సంవత్సరములు. సరిగా వారము దినములకు, నవంబరు 11న, యుద్ధవిరమణ గంటలు మ్రోగుచుండగా ష్రూస్‌బరీలోని తల్లికి మరణవార్త తంతి ద్వారా అందినది. తొలి కవితాసంపుటి ససూన్ సంపాదకత్వమున 1920లో వెలువడినది.

మొదటి పాఠభేదము ఓర్స్ శ్మశానవాటికలోని సమాధిశిలపై నున్నది. తల్లి సూసన్ ఓవెన్ ఆ శిలకై కుమారుని 'ది ఎండ్' అను పద్యమునుండి కొన్ని మాటలు ఎన్నుకొన్నది. మూలమున ఆ చోట మృతుల పునరుజ్జీవనమును గూర్చి ప్రశ్న వెంట ప్రశ్న వచ్చును. పద్యపు ఉత్తరార్ధమున వార్ధక్యమును, భూమాతయు వాని కన్నిటికిని కాదనియే ఉత్తర మిత్తురు. శిలపై మొదటి ప్రశ్న నిలిచినది. రెండవదానికి ప్రశ్నార్థక చిహ్నము లేదు. వాక్యమును నడుమ ఆపుటచే ప్రశ్న సమాధానముగా మారినది. ఒక్క అక్షరమైనను మారలేదు. తాత్పర్యము మాత్రము తలక్రిందులైనది. ప్రాచీన ప్రతులను పరిష్కరించు మనకు ఇట్టి వింత క్రొత్తది కాదు. భక్తితో చేసిన సవరణ అజ్ఞానముచే చేసిన తప్పుకంటె దొరకుట కష్టము.

రెండవది మిలిటరీ క్రాస్ పతక ప్రశంసాపత్రమునకు సంబంధించినది. 1918 అక్టోబరు 1, 2 తేదీలలో జరిగిన దాడిలో కంపెనీ నాయకుడు గాయపడగా ఓవెన్ నాయకత్వము వహించెను. పట్టుబడిన శత్రువుల మరతుపాకిని స్వయముగా ప్రయోగించి శత్రువులకు మిక్కిలి నష్టము కలిగించెనని అధికార పాఠము. కుటుంబమువారి మూలమున ప్రచారమునకు వచ్చిన పాఠములో మరతుపాకిని పట్టుకొనుటయు, కొందరిని బందీలుగా గైకొనుటయు మాత్రమే కలవు. ఓవెన్ తల్లికి వ్రాసిన లేఖలో బందీల ప్రసక్తి ఉన్న మాట నిజము. కాని అదే లేఖలో ఒకనిని పిస్తోలుతో కాల్చితినని కూడ అతడు దాచక చెప్పెను. చంపిన చేయి మరుగుపడి, బంధించిన చేయి మాత్రమే మిగులుట యాదృచ్ఛికము కాదు.

ఈ రెండు భేదములకు కావ్యవిమర్శలో ఫలితమేమి? 1936లో ఆక్స్‌ఫర్డు ఆధునిక కవితాసంకలనమును కూర్చిన యేట్స్, ఓవెన్‌ను అందు చేర్చలేదు. చేష్టారహితమైన బాధ కవితావస్తువు కానేరదని అతని వాదము. సమాధిశిలను, మార్చిన ప్రశంసాపత్రమును మాత్రమే చూచినవారికి యేట్స్ మాట సమంజసముగనే తోచును. వానిలో ఓవెన్ కేవలము బాధితుడు. 'స్ట్రేంజ్ మీటింగ్' చదివినవారికి మాత్రము అట్లు తోచదు. అందు కథకుడు అధోలోకమున కలిసికొన్నవాడు క్రితము దినమున తాను చంపిన శత్రువే. ఈ పద్యము అక్టోబరు దాడికి పూర్వము వ్రాయబడినదని గుర్తుంచుకొనవలెను. కనుక ఇది జరిగినదానికి పశ్చాత్తాపము కాదు. చేయబోవు దానిని ముందే ఎరిగినవాని వేదన. అంత ఎరిగియు అతడు మరల యుద్ధమునకు పోయెను. తన సైనికులను నడిపించుటకును, వారి బాధను కన్నులార చూచి వారి పక్షమున వాదించుటకును వచ్చితినని తల్లికి వ్రాసెను.

కరుణమొక్కటియే రసమనిన భవభూతి ఇచ్చట మనకు తోడు వచ్చును. ఉత్తరరామచరితమున రాముని శోకము అంత గాఢమగుటకు హేతువేమి? సీతను విడిచినవాడు తానే యగుట. బాధ పడువాడే బాధకు కర్త యైనపుడు కరుణము పరాకాష్ఠ నందును. ఓవెన్ కరుణము ఈ జాతికి చెందినది. అతడు సాక్షియు, నిందితుడును. స్మృతి సాక్షిని నిలుపుకొని నిందితుని విడిచిపెట్టినది. అందుచే కవిత్వమునందలి బలము సగము తరిగినది.

ఇట్లనుట ఆ తల్లిని తప్పు పట్టుట కాదు. 1920లో ఆమె రవీంద్రనాథ ఠాకూరునకు ఒక లేఖ వ్రాసెను. కుమారుడు కడసారి వీడ్కొనునపుడు గీతాంజలిలోని మాటలు పలికెననియు, అవే అతని చేతిపుస్తకమున ఠాకూరు పేరుతో కనబడెననియు తెలిపి, అవి ఏ గ్రంథమున కలవో అడిగెను. కొడుకు మాటలలో ఊరట వెదకుకొన్న తల్లి ఆమె. మన పల్లెలలోని వీరగల్లులను చూడుడు: క్రింది భాగమున పోరాటము, పై భాగమున వీరుని స్వర్గప్రాప్తి. బ్రతికినవారికి ఆ పై భాగము కావలెను. సూసన్ ఓవెన్ శిలపై చెక్కించినది అదియే. అయితే వీరగల్లు క్రింది భాగమును చెరపదు. కత్తి వీరుని చేతనే ఉండును. ఈ రెండు సవరణలలో ఒకటి పై భాగమును చేర్చినది, ఒకటి క్రింది భాగమును చెరపినది. మొదటిదానిని శోకమునకు విడిచిపెట్టవచ్చును. రెండవదానిని ఒప్పుకొనరాదు.

1985లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మహాయుద్ధకవులు 16 మంది పేర్లతో ఫలకము నెలకొల్పిరి. దాని చుట్టును చెక్కిన మాటలు ఓవెన్ పీఠికలోనివి. తన గ్రంథము వీరులను గూర్చినది కాదని ఆ పీఠికలోనే అతడు చెప్పియుండెను. అతనిని గౌరవింపదలచినవారు పద్యమును తుదివరకు చదువవలెను. ప్రశ్నను ప్రశ్నగానే ఉంచవలెను. పాఠపరిష్కరణ మృతునికి మనము చెల్లింపదగిన ఋణములలో నొకటి.