పాలూ బిస్కట్లూ, మధ్యలో నాలుగేళ్లూ

సినిమా మొదలవగానే హీరో వచ్చి, సినిమా అయిపోయిందంటాడు. తన జీవితంలోని ముఖ్యమైన సంగతులన్నీ నాటకీయత కోసం తారుమారు చేశారనీ, అందుకే ఆ చెత్తంతా కోసేశాననీ చెప్పి, గ్రామఫోన్ మీద రికార్డు పెడతాడు. ఆఖర్న పడాల్సిన పేర్లు పడిపోతాయి. తెర చీకటి. మొదటిసారి చూసినప్పుడు డీవీడీ పాడైందనుకుని రిమోట్ నొక్కాను కూడా.

అది మిలోష్ ఫోర్‌మన్ తీసిన ‘మ్యాన్ ఆన్ ది మూన్’ (1999). అమెరికన్ హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్ కథ. ఆండీగా జిమ్ క్యారీ.

హాస్యనటుడు అన్నానే గానీ, ఆండీ జోకులు చెప్పే రకం కాదు. స్టేజీ ఎక్కి ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవల తెరిచి చదవడం మొదలెట్టేవాడు. జనం విసిగి గోల చేస్తే, పోనీ రికార్డు వినిపించనా అనేవాడు. హమ్మయ్య అనుకునేలోపు రికార్డులోంచి ఆయన గొంతే, అదే నవల, ఆపిన చోటినుంచి. 1982లో మెంఫిస్‌లో జెర్రీ లాలర్ అనే మల్లయోధుడి చేతిలో చిత్తయి, మెడకు పట్టీతో తిరిగాడు. అదంతా ఇద్దరూ కూడబలుక్కుని ఆడిన నాటకమని లోకానికి తెలిసింది ఆండీ పోయాకే. సినిమా మాత్రం మనల్ని తెర వెనక్కి తీసుకెళ్లి గుట్టు చెప్పేస్తుంది. ఆండీ జన్మలో చెయ్యని పని అది. నాకు ఇప్పటికీ గిట్టదు.

ఇంకోటుంది. 1979 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ప్రదర్శన ముగిశాక, ఆండీ ప్రేక్షకులందరినీ బస్సులెక్కించి పాలూ బిస్కట్లూ ఇప్పించాడు. స్టేజీ మీద ఓ వారగా కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ల అమ్మమ్మ చివర్లో మాస్కు తీస్తే రాబిన్ విలియమ్స్! ఆండీకి ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది 1983 చివర్లో. మరుసటి మే నెలలో పోయాడు, 35 ఏళ్లకి. సినిమాలో మాత్రం క్యాన్సర్ అని తెలిశాకే కార్నెగీ హాల్ వస్తుంది. నాలుగేళ్లు ఎగిరిపోయాయి. కుర్రతనపు కొంటెపని కాస్తా చనిపోబోయేవాడి వీడ్కోలు విందయింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఏం, మొదట్లోనే చెప్పారుగా తారుమారు చేశామని!

కోప్పడే అర్హత నాకు లేదులెండి. కొన్నేళ్ల కిందట మా ప్రాంతపు రంగస్థల నటుడొకాయన పోతే నివాళి రాశాను. నక్షత్రకుడి వేషం కడితే జనం పొట్టచెక్కలయ్యేది. ఆయన ఆఖరి నాటకం ఆసుపత్రిలో చేరడానికి రెండేళ్ల ముందటిది. నేను దాన్ని ‘జబ్బు సంగతి తెలిసీ రంగు పూసుకున్నాడు’ అని రాసేశాను. వాక్యం అలా కుదిరింది, ఆపబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా ఆయన కూతురు ఫోన్ చేసింది. “నాన్నగారు ఆ నాటకం వేసేనాటికి గుండ్రాయిలా ఉన్నారండీ. ఆ రాత్రి మూడు పెసరట్లు తిన్నారు” అంది. నీళ్లు నమిలి, సవరణ వేయిస్తానన్నాను.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

“వద్దులెండి. అమ్మ ఆ పేపరు కత్తిరించి దాచుకుంది.”