చెన్నపురి నాటకశాలలో బళ్లారి నాటకము

ఆంధ్ర నాటక చరిత్రకారులు నాటకకర్తలను లెక్కించిరి. నటులలో కొందరిని స్మరించిరి. టిక్కెట్టు కొని వచ్చి కూర్చున్న ప్రేక్షకునకు మాత్రము ఆ గ్రంథములలో అంతగా చోటు దొరకలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యుల (1853-1912) విషయమున ఈ లోపము మరింత స్పష్టముగా కనిపించును. వారిని ఆంధ్ర నాటక పితామహులని కొనియాడుచునే, పాటలును పద్యములును మితిమీరినవని విమర్శకులు ఎత్తిచూపుచుందురు. అది పుస్తకము చేతబట్టి చదివినవారి తీర్పు. నాటకశాలకు వెళ్లి చూచినవారి సాక్ష్యము వేరుగా నున్నది.

ఆ సాక్షి తమిళులు. పమ్మల్ సంబంధ మొదలియారుగారు. 1891లో ఆచార్యులవారి సరస వినోదిని సభ బళ్లారినుండి చెన్నపట్టణము వచ్చి, విక్టోరియా పబ్లిక్ హాలులో తెలుగు నాటకములు ప్రదర్శించెను. సెంట్రల్ స్టేషనుకు చేరువనే ఎర్రని గోడలతో నిలిచియున్న మందిరమది. 1883లో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులు ఆనంద గజపతిగారు. చిషోల్ము గీసిన నమూనా ప్రకారము నంబెరుమాళ్ శెట్టిగారు కట్టించిరి. రాణి స్వర్ణోత్సవ స్మారకముగా ఆమె పేరు దాల్చినది. బళ్లారివారు వచ్చునాటికి అది క్రొత్త భవనమే.

మొదలియారుగారికి అప్పుడు పదునెనిమిదేండ్లు. తమిళ వీథి నాటకములన్న వారికి చిన్నచూపు. అట్టివారు ఈ శాలలో చూచినదేమి? ప్లీడరు వృత్తిలోనున్న ఆచార్యులవంటి విద్యావంతులు, సంఘమున గౌరవము గలవారు, ముఖమునకు రంగు పూసికొని రంగమెక్కుట. చూచి ఊరకుండలేదు. ఆ యేడే, జూలై 1వ తేదీన, మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించిరి. పిమ్మట తొంబదికి మించి నాటకములు వ్రాసి తమిళ రంగస్థలమునకు పెద్దదిక్కైరి. ఆచార్యులవారు ‘విషాద సారంగధర’గా మలచిన కథను వారును తమిళమున నాటకముగా రచించిరి.

ఒక మాట ఒప్పుకొనవలెను. ఆనాటి చెన్నపట్టణమున తెలుగు పరాయి భాష కాదు. కావున భాష తెలియకయే నాటకము మెప్పించెననుట అతిశయోక్తి యగును. చెప్పదగినది ఇంతే: ఏ పాటలను మనవారు దోషముగా నెంచిరో, అవి ఆ యువకుని ఆసక్తికి అడ్డురాలేదు. పుటలో బరువైనది రంగముమీద బరువు కాకపోవచ్చును. గాత్రము, వేషము, ఎదుటి జనము కలిసినగాని నాటకము పూర్తి కాదు. ఇది తెలిసిన విషయమే; అయినను తీర్పు చెప్పునపుడు మనవారు దానిని మరచుచున్నారు.

ఈ ఋణము ఒకవైపునుండియే సాగలేదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము రాజమహేంద్రవరమున ఆడి వెళ్లగా, వారు విడిచిన పాకలోనే వీరేశలింగముగారు విద్యార్థులచేత నాటకము లాడించిరి. కన్నడ దేశపు బృందము తెలుగువారికి దారి చూపెను. బళ్లారి తెలుగు బృందము తమిళులకు చూపెను.

రాయచూరు తెలుగువారికి ఈ ప్రసంగము దూరమైనది కాదు. 1956లో గద్వాల, ఆలంపురము తాలూకాలు ఈ జిల్లానుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరినవి. తక్కినచోట్ల నున్న తెలుగువారు కన్నడ రాష్ట్రమున నిలిచిరి. ఇచ్చట తెలుగు చదువు బాలునకు నాటకమన్న వాచకములోని నాలుగు పుటలు; ప్రతిపదార్థము, సందర్భము, మార్కులు. తెర లేచుట చూడకయే పరీక్ష ముగియును. ఊరిలో పండిత సిద్ధరామ జంబలదిన్ని రంగమందిరము ఉన్నది. అందు కన్నడ నాటకము ఆడునాడు అది మనది కాదని ఇంట కూర్చుండు పెద్దలు, పిల్లవానికి తెలుగును కాపాడుచున్నామని తలంతురు కాబోలు. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) అట్లు తలపలేదు. ఆయన తెలుగు రంగమునకెంతటివాడో వేరుగా చెప్పనక్కరలేదు. కన్నడ నాటకములలోను ఆయన వేషము కట్టెను.