ఆన్సిబుల్: పెట్టెలో పెట్టె విప్పు విధానము

పాఠశాలలో తరగతులు, తరగతిలో విద్యార్థులు, ఒక్కొక్క విద్యార్థికి మార్కులు - ఇట్లు ఒకదానిలో ఒకటి ఇమిడియున్న సమాచారము ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. ఫలితములు ప్రకటించునపుడు ఈ పెట్టెలన్నియు విప్పి ఒకే పట్టికగా వ్రాయవలెను. అనేక కంప్యూటర్లను ఒకే తీరున అమర్చు ఆన్సిబుల్ అను సాధనమునకు కూడ ఈ పనియే తరచుగా ఎదురగును.

మైకేల్ డిహాన్ 2012లో వెలువరించిన ఈ సాధనమును 2015లో రెడ్ హ్యాట్ సంస్థ కొన్నది. చేయవలసిన పనులను యామల్ అను తేలిక రూపములో వ్రాసిన చాలును. ఎవరైనను చదువగలుగుటయే దీని గొప్పతనము. సమాచారము సాదా జాబితాగా నున్నంతవరకు ఆ గొప్పతనము నిలుచును. పలు పొరలుగా నున్నపుడు చిక్కు మొదలగును. లూప్ అను పదము జాబితానే స్వీకరించును. పేరు-విలువల జంటలుగల డిక్షనరీని ముందుగా డిక్ట్‌టుఐటమ్స్ అను ఫిల్టరుతో జాబితాగా మార్చవలెను.

ఇట్టి ఫిల్టర్లలో రెండింటిని పోల్చి చూచిన గుణదోషములు తెలియును. మొదటిది సబ్‌ఎలిమెంట్స్. కొందరు వాడుకరులు, ఒక్కొక్కరికి కొన్ని తాళపుచెవులు ఉన్నచో, ఇది వాడుకరి-తాళపుచెవి జంటలను వరుసగా ఇచ్చును. ఒక వాడుకరికి ఆ జాబితాయే లేనిచో పని ఆగి, తప్పును చూపును. లేనివారిని దాటిపొమ్మని స్పష్టముగా చెప్పిననే దాటిపోవును. ఇది మంచి పద్ధతి.

రెండవది కంబైన్. మూల సమాచారములో 'వెబ్' క్రింద పోర్టు 80, కాలపరిమితి 30 అని ఉన్నదనుకొనుడు. పోర్టును మాత్రము 8080గా మార్చ నెంచి, 'వెబ్' క్రింద పోర్టు ఒక్కటే గల మరొక డిక్షనరీని దీనితో కలిపినచో, ఫలితములో పోర్టు 8080 మాత్రమే మిగులును, కాలపరిమితి మాయమగును. పై పొరలోని 'వెబ్' మొత్తము మార్చబడుటయే ఇందుకు కారణము. లోపలి పొరలను కూడ కలుపవలెనన్నచో రికర్సివ్ అను గుర్తును నిజమని పెట్టవలెను. అట్లు చేసినను లోపలి జాబితాలు కలియవు. క్రొత్తది పాతదానిని తొలగించును. వాటిని చేర్చుటకు వేరొక సూచన కావలెను.

ఇందులో దోషము నియమము కాదు, మౌనము. విలువ పోయినదని కంబైన్ చెప్పదు. లోపము ఆ తరువాత ఏ సర్వరులోనో బయటపడినపుడు దాని మూలమును వెదకుట కష్టము. పైగా ఐదారు ఫిల్టర్లను ఒకే పంక్తిలో గొలుసుగా కట్టు అలవాటు ప్రబలినది. అట్టి పంక్తిని వ్రాసినవారే కొన్నినాళ్లకు చదువలేరు. చదువుటకు తేలిక యను మొదటి గుణము అక్కడే నశించును.

దీనికి విరుగుడు లేకపోలేదు. సమాచారమును మొదటనే వాడుకకు అనువుగా అమర్చుట ఉత్తమము. కుదరనిచో ఒక్కొక్క మార్పును వేరుగా పేరుపెట్టి వ్రాసి, ఫలితమును డీబగ్ ద్వారా చూచుకొనవలెను. మార్పు మరీ జటిలమైనచో పైథాన్‌లో స్వంత ఫిల్టరు వ్రాయుట మేలు. దానిని విడిగా పరీక్షింపవచ్చును. లెక్కలో మధ్య మెట్లు చూపని విద్యార్థికి మార్కులు తగ్గించు ఉపాధ్యాయుని న్యాయమే ఇచటను వర్తించును.