పాత రికార్డులకు తగిన ప్రీయాంప్లిఫయరు

గుంటూరు, ప్రకాశం మైదానాల పల్లెల్లో గ్రామఫోను రికార్డు ఇంటి వస్తువుగా కంటే మైకు సెట్టులో భాగంగానే ఎక్కువమందికి పరిచయమైంది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించిన జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో 78 చుట్ల రికార్డుగా వచ్చింది; ఘంటసాల మరణించిన 1974లోనే వెలువడిన భగవద్గీత లాంగ్‌ప్లే రికార్డు గుడి మైకులకు నిత్యకృత్యమైంది. పెళ్లి పందిళ్లలోను, తిరునాళ్లలోను ఈ రికార్డులను మోగించిన యంత్రాలకు ఎక్కువగా క్రిస్టల్ లేదా సిరామిక్ పికప్పులు ఉండేవి. ముల్లు కదలికకు లోపలి పలుకు వంగి కొన్ని వందల మిల్లీవోల్టులు పుట్టించేది కనుక ఆ సంకేతాన్ని ప్రత్యేకమైన సవరణ ఏదీ లేకుండానే నేరుగా యాంప్లిఫయరుకు ఇవ్వగలిగేవారు. అయితే అటువంటి ముల్లు గాడిపై నాలుగైదు గ్రాముల బరువును, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువను మోపేది కాబట్టి, సౌకర్యంతోపాటు అరుగుదల కూడా రికార్డుకు దక్కింది.

ఆ రికార్డులనే నేడు శ్రద్ధగా వినదలచినవారు అయస్కాంత కార్ట్రిడ్జిని వాడతారు. దాని బరువు గాడిపై సుమారు రెండు గ్రాములే అయినా, దాని నుంచి వచ్చే సంకేతం మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులకు మించదు. పైగా అది ముల్లు ఎంత దూరం కదిలిందన్న దానిని కాక ఎంత వేగంగా కదిలిందన్న దానిని అనుసరిస్తుంది. ఈ బలహీనమైన సంకేతాన్ని దాదాపు వంద రెట్లు పెంచి, రికార్డింగులో చేసిన మార్పును తిరగదోడే పరికరమే ఫోనో ప్రీయాంప్లిఫయరు. రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించకపోతే గాడి పక్క గాడిలోకి చొరబడుతుంది, తార స్వరాలను పెంచకపోతే అవి ఉపరితలపు చరచరలో మునిగిపోతాయి. అందుచేత 1954లో ఆమోదం పొందిన ఆర్‌ఐఏఏ ప్రమాణం 50, 500, 2122 హెర్ట్జ్‌ల వద్ద మలుపులున్న ఒక వక్రరేఖను నిర్దేశించింది. దాని ప్రకారం, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే, వినేటప్పుడు 20 హెర్ట్జ్ వద్ద సుమారు 19 డెసిబెల్స్ పెంచి, 20,000 హెర్ట్జ్ వద్ద దాదాపు అంతే తగ్గించాలి.

ఈ పనిని సాధించే మార్గాలలో మొదటిది, నిరోధకాలు, కెపాసిటర్లతో కూడిన సవరణ వలయాన్ని యాంప్లిఫయరు ఫీడ్‌బ్యాక్ దారిలోనే ఉంచడం. ఒకే ఆప్‌యాంప్ చిప్పుతో పని ముగుస్తుంది, రొద తక్కువగా ఉంటుంది, పరికరం చౌకగా వస్తుంది. అయితే ఆ వలయంలో ఒక భాగం విలువ మారితే తక్కిన మలుపులు కూడా కదులుతాయి గనుక లెక్క క్లిష్టమవుతుంది. స్టాన్లీ లిప్‌షిట్జ్ 1979లో ప్రచురించిన సమీకరణాలు నిర్మాతలకు ఈ చిక్కును విప్పాయి. మామూలు అమరికలో పెంపు ఒకటికి దిగువకు తగ్గదు కాబట్టి, అత్యున్నత పౌనఃపున్యాల వద్ద మిగిలే స్వల్పదోషాన్ని చివర మరో చిన్న ఫిల్టరుతో సరిచేయవలసి ఉంటుంది.

రెండో మార్గంలో రెండు పెంపు దశల నడుమ సవరణ వలయాన్ని విడిగా నిలుపుతారు. ఈసీసీ83 వంటి వాల్వులతో పరికరాలు కట్టేవారికి ఇది ప్రియమైన పద్ధతి. ఇందులో తార స్వరాలు తగ్గకముందే మొదటి దశ వాటిని పూర్తిగా పెంచుతుంది కనుక, గీత మీదుగా ముల్లు పోయినప్పుడు పుట్టే టక్కుమనే శబ్దాన్ని తట్టుకునే వెసులుబాటు ఆ దశకు ఉండాలి. రెండు వందల వోల్టులకు పైబడిన సరఫరా గల వాల్వుకు అది సహజంగానే ఉంటుంది. పదిహేను వోల్టులతో నడిచే చిప్పులో పెంపును పొదుపుగా పంచకపోతే, ఆ శబ్దం అంచులు తెగి, ఉన్నదానికంటే ఎక్కువసేపు చెవికి తగులుతుంది. కొందరు రెండు మార్గాలను కలిపి, మంద్ర మలుపులను ఫీడ్‌బ్యాక్‌కు, తార మలుపును విడి వలయానికి అప్పగిస్తారు.

ఈ ప్రాంతపు రికార్డుల విషయంలో మరికొన్ని అంశాలు తోడవుతాయి. పల్నాటి రెంటచింతల వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వేడికి వినైలు రికార్డు వంగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ వంపు, చెవికి వినబడని కొద్ది హెర్ట్జ్‌ల ఊపును పుట్టించి స్పీకరు కోనును వృథాగా కదిలిస్తుంది గనుక, 20 హెర్ట్జ్ దిగువను కోసే ఫిల్టరు అవసరం. ఆర్‌ఐఏఏ వక్రరేఖ 50 హెర్ట్జ్‌ను దాదాపు 17 డెసిబెల్స్ పెంచుతుంది. మన కరెంటు పౌనఃపున్యం సరిగ్గా అదే కావడంచేత, ఎర్తింగు సరిగా లేని ఇంట్లో గుయ్యిమనే హోరు ఎక్కువవుతుంది.

78 చుట్ల రికార్డుల సంగతి వేరు. ఆర్‌ఐఏఏకు ముందు ఒక్కో సంస్థది ఒక్కో తీరు. హెచ్‌ఎంవీ రికార్డులలో సాధారణంగా మంద్ర మలుపు 250 హెర్ట్జ్ దగ్గర ఉండేది, తార స్వరాల పెంపు దాదాపు ఉండేది కాదు. వాటిని ఆర్‌ఐఏఏ సవరణతో వింటే 10,000 హెర్ట్జ్ వద్ద 13 డెసిబెల్స్‌కు పైగా అకారణంగా తగ్గి, పద్యంలోని హల్లుల పదును మొద్దుబారుతుంది, గొంతు లేనిపోని బరువెక్కుతుంది. వెడల్పైన గాడికి తగిన ముల్లు, మలుపులను మార్చుకునే మీటలు, రెండు చానళ్లను కలిపి నిలువు కదలికల రొదను రద్దు చేసే మోనో మీట ఉన్నప్పుడే ఆ గానం యథాతథంగా దక్కుతుంది.

కాబట్టి వాల్వా, చిప్పా అన్న వాదం ఈ రికార్డుల విషయంలో రెండో స్థానానికి చెందుతుంది. భద్రపరిచే ఉద్దేశంతో డిజిటల్ రూపంలోకి ఎక్కించేవారు ముందుగా పరీక్షించవలసినవి మూడు: సవరణను రికార్డుకు తగినట్టు మార్చే వీలు, గీతల శబ్దానికి తెగిపోని వెసులుబాటు, వంపుల ఊపును ఆపే ఫిల్టరు. ఇవి కుదిరిన చౌక పరికరం, ఇవి లేని ఖరీదైన పరికరం కంటే ఘంటసాల పద్యానికి ఎక్కువ న్యాయం చేస్తుంది.